బెల్లం రెండు ఈతలు: గినీ పిగ్‌ల పెంపకంలో నా అనుభవం

కనుమ నాడు మధ్యాహ్నం మా నాయన, ఎలుక జాతికి చెందిన మా పెంపుడు గినీ పిగ్‌ల బోను ముందు గొంతుక్కూర్చున్నాడు. పండక్కి ఊరి నుంచి వచ్చి రెండు రోజులైనా అప్పటిదాకా వాటి వైపు చూడలేదు. డబ్బు పెట్టి ఎలుకల్ని కొనుక్కురావడం ఆయనకు మింగుడుపడలేదు. ఆ రోజు ఎందుకో చెయ్యి లోపలికి పెట్టి, గోధుమరంగు దాని కడుపు కింద నాలుగు వేళ్ళూ ఆనించి కాసేపు అట్లే ఉండిపోయాడు.

"పాపా, ఇది చూడిది. రెండో మూడో ఉండాయి లోపల."

"రెండూ ఆడవే నాయనా, ఎట్లవుతుంది?" అన్నాను. మేం కొన్న అంగడిలో రెండూ ఆడవేనని ఒకటికి రెండుసార్లు చెప్పి ఇచ్చారు. నాయన తెల్లదాన్ని తీసి, వెల్లకిలా అరచేతిలో పెట్టుకుని, ఒక్క చూపు చూసి నాకు అందించాడు. "ఇది పోతు గదమ్మా" అన్నాడు.

నలభై ఏళ్ళు మేకలు, గొర్రెలు సాకిన మనిషి ఆయన. గినీ పిగ్‌ను చూడటం అదే మొదలైనా కడుపు చూడటం కొత్త కాదు.

మాది అనంతపురం. రామ్‌నగర్‌లో అద్దె ఇంట్లో ఉంటాం. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మా వాడు అప్పటికి ఆరో తరగతి. కుక్కపిల్ల కావాలని రెండేళ్ళు పోరాడు, ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. చివరికి 2023 నవంబరు ఆఖరున బెంగళూరుకు పెళ్ళికి పోయినప్పుడు ఈ రెండింటినీ తెచ్చుకున్నాం. అప్పటికి వాటికి రెండు నెలలు నిండి ఉంటాయి. గోధుమరంగుదానికి బెల్లం అని, తెల్లదానికి బొరుగు అని మా వాడే పేర్లు పెట్టాడు.

ఆడ, మగ తేడా ఇప్పుడు నాకు బాగా తెలుసు కాబట్టి ముందే చెప్పేస్తాను. కొనేవాళ్ళు అక్కడే తిప్పి చూసుకోవాలి. తోకలేని ఈ ప్రాణికి వెనక భాగంలో ఆడదైతే ఇంగ్లిష్ వై అక్షరంలా గీత కనిపిస్తుంది. మగదైతే చుక్క పెట్టిన ఐ అక్షరంలా ఉంటుంది. ఆ చుక్కకు కాస్త పైన వేలితో మెల్లగా నొక్కితే అంగం బయటికి వస్తుంది. అనుమానమే ఉండదు. అర నిమిషం పని. ఆ అర నిమిషం మేం చూసుకోనందుకు ఆ తర్వాత ఏడు నెలలు మా ఇల్లు ఎట్లా నడిచిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అయితే అంతకంటే ముందే ఒక తప్పు చేశాం. తిండి విషయంలో.

కుందేళ్ళకూ వీటికీ ఒకటే దాణా అని అంగడిలో చెబితే కుందేళ్ళ పెల్లెట్లు రెండు కిలోలు తెచ్చాం. దాంతోపాటు క్యారెట్, కీరదోస, కాస్త వరిగడ్డి. నెల బాగానే గడిచింది. కొత్త సంవత్సరం రోజుల్లో బొరుగు గెంతడం మానేసింది. వెంట్రుకలు నిక్కబొడుచుకుని మూలన ముడుచుకుని కూర్చునేది. ఎత్తుకోబోయి వెనక కాలు తగిలితే చిన్నగా అరిచేది. బెల్లం కూడా మందగించింది. ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడ అందరూ ఆవులు, మేకలు పట్టుకుని వరుసలో ఉన్నారు. నేను టిఫిన్ బుట్టలో వీటిని పెట్టుకుని నిలబడ్డాను. డాక్టరుగారు విసుక్కోలేదు. నోరు తెరిచి చిగుళ్ళు చూశారు, మోకాళ్ళు తడిమి చూశారు, ఏం పెడుతున్నారని అడిగారు. విని, "ఇది రోగం కాదమ్మా, విటమిన్ సి లేక వచ్చింది" అన్నారు.

విటమిన్ సి చాలా జంతువులు వాటి ఒంట్లోనే తయారుచేసుకుంటాయట. మనుషులు, కోతులు, గినీ పిగ్‌లు చేసుకోలేవు. కుందేలు చేసుకోగలదు కాబట్టి కుందేళ్ళ దాణాలో అది కలపరు. ఆ దాణానే నేను నెలరోజులు వీటికి పోశాను. తర్వాత చదివితే తెలిసింది, 1907లో నార్వేలో ఇద్దరు శాస్త్రవేత్తలు, హోల్స్ట్, ఫ్రోలిష్, గినీ పిగ్‌లకు వట్టి ధాన్యం పెట్టి చూస్తే ఓడల్లో నావికులకు వచ్చే స్కర్వీయే వీటికీ వచ్చిందని. వాళ్ళు పరిశోధన కోసం చేసింది నేను తెలియక చేశాను. వారం రోజులు రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున ఒక్కోదానికి నోట్లో వేయమని డాక్టరుగారు చెప్పారు. మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్రలో పదో వంతు పొడి చేసి, నీళ్ళలో కలిపి, సూది తీసేసిన సిరంజితో దవడ పక్క నుంచి పోశాను. తాగే నీళ్ళ సీసాలో కలిపితే త్వరగా చెడిపోతుంది, ఎంత తాగాయో లెక్కా తెలియదు. ఐదో రోజుకు బొరుగు బోను ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తింది.

ఆ సమయానికే బెల్లం కడుపుతో ఉందని కనుమ నాడు తేలింది. స్కర్వీ దాటి, కడుపును కాపాడుకుని ఎట్లా నిలబడిందో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టు ఉంటుంది.

నాయన తిరుగు బస్సు ఎక్కేముందు ఒక్క మాట అన్నాడు. "ఈనేది దాని పని. మేపేది నీ పని. కసువు చూసుకో."

అక్కడి నుంచి తిండి అంతా మార్చేశాను. వీటికి తిండిలో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి. పళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. పీచు ఎక్కువున్న గడ్డిని గంటల తరబడి నమిలితేనే అవి అరుగుతాయి. పెల్లెట్లు తిని కడుపు నింపుకుంటే దవడ పళ్ళు పెరిగి నాలుక మీదికి వంగుతాయి, ఇక తినలేవు. గడ్డిపోచను అవి తినే తీరు చూస్తూ నేను ఎన్నోసార్లు మిషన్ ఆపేశాను. కొసను పళ్ళ మధ్య పెట్టుకుంటే చాలు, దవడలు కదులుతుంటే ఆ పోచ తనంతట తానే నోట్లోకి జరిగిపోతుంది, అచ్చం మిషన్ పాదం కిందకు గుడ్డ పోయినట్టు. చేతులతో పట్టుకోవు, తల ఎత్తవు.

గడ్డి కోసం మొదట గరిక మీద పడ్డాను. మా ఆయన పనిచేసే వైపు చీనీ (బత్తాయి) తోటలు ఉన్నాయి. డ్రిప్పు పైపుల పక్కన ఎండాకాలంలో కూడా పచ్చగా గరిక ఉంటుంది. కానీ మందు కొట్టారో లేదో అడగకుండా ఒక్క పోచ తెచ్చేవాళ్ళం కాదు. కొట్టి రెండు వారాలు కాకపోతే వేరే తోటకు పోవడమే. ఇంటికి తెచ్చి రెండు నీళ్ళలో కడిగి, నీడన ఆరబెట్టి వేసేదాన్ని. ఎండుగడ్డికి నాయన ఊరి నుంచి శనక్కాయ కట్టె, అంటే కాయలు తీసేశాక ఎండిన వేరుశనగ చెట్లు, పంపించాడు. పప్పుజాతి మొక్క కాబట్టి బలం, సున్నం (కాల్షియం) రెండూ ఎక్కువ. చూడిదానికి, పాలిచ్చేదానికి, ఎదిగే పిల్లలకు అది మంచిది. పెద్ద పోతుకు రోజూ పెడితే ఆ సున్నం మూత్రకోశంలో రాళ్ళు కడుతుంది. అందుకే బొరుగుకు గరిక, జొన్న చొప్ప. బెల్లానికి గరిక, శనక్కాయ కట్టె. లూసర్న్ గడ్డి దొరికేవాళ్ళకు దాని లెక్క కూడా ఇదే.

శనక్కాయ కట్టె గురించి ఇంకొంచెం చెప్పాలి, మన జిల్లాలో చాలామందికి ఇదే చేతికి అందేది కాబట్టి. ఫిబ్రవరిలో నాయన రెండో మూట తెచ్చినప్పుడు నేను విప్పి వేయబోతుంటే ఆపాడు. పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మూట అడుగున చెయ్యి పెట్టి ఇంకో పిడికెడు తీశాడు. అడుగుది కాస్త నల్లబడి, దులిపితే బూడిదలా పొడి రాలింది. "వామి అడుగుది. తేమ తగిలింది. బూజు" అని మూట మొత్తం బయట పారబోశాడు. పైన ఉన్న మంచి కట్టె కూడా ఉంచలేదు. నాకు మనసొప్పలేదు గానీ ఆయన చేసిందే సరైంది. వేరుశనగకు పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే కారణం వెతుక్కుంటూ పోయి వేరుశనగ చెక్క దాణాలో ఈ విషాన్ని కనుక్కున్నారు. గినీ పిగ్ కాలేయం దానికి తొందరగా లొంగిపోతుంది. కిలో కూడా లేని ప్రాణి, ఎంత విషం కావాలి? అప్పటి నుంచి ఏ మూట వచ్చినా అడుగు నుంచే మొదలుపెట్టి వాసన చూస్తాను.

విటమిన్ సి కోసం రోజూ ఆకుకూర. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు, చూడిదైతే 30 దాకా కావాలి. ఖరీదైనదేమీ అక్కర్లేదు. గుప్పెడు కొత్తిమీర, క్యాప్సికం ముక్క, నాలుగు రెమ్మల మునగాకు, వారంలో రెండు రోజులు వేలెడు జామ ముక్క, చలికాలంలో ఉసిరికాయ చెక్కు. రైతు బజారులో కూరగాయలామె క్యాప్సికం తొడిమలు, వాడిన కొత్తిమీర నాకోసం పక్కన పెట్టేది. వాడిపోయినది పర్వాలేదు, కుళ్ళు వాసన ఉంటే మాత్రం తీసుకోను. పాలకూర పదిరోజులకోసారి, అదీ కొంచెం. క్యాబేజీ, కాలీఫ్లవర్ పెడితే కడుపు ఉబ్బుతుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి, ఆలుగడ్డ, అన్నం, రొట్టె, బిస్కెట్ అసలు వద్దు. మా వాడి ఫ్రెండ్స్ బోను సందుల్లోంచి చిప్స్ పెట్టడం ఒకసారి చూసి, బోను మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.

పడకకు పాత దుప్పట్లు మూడు పొరలు కుట్టి పరిచాను. అంచులు గట్టిగా మడిచి కుట్టాలి, దారం ఊడితే పిల్లల కాలికి చుట్టుకుంటుంది. వైరు మెష్ మీద నేరుగా ఉంచకూడదు, పాదాలు పుండ్లు పడతాయి. బోను స్టాండు కాళ్ళు నాలుగూ నీళ్ళు పోసిన గిన్నెల్లో పెట్టాను, చీమల కోసం. ఇది మా అవ్వ ఉట్టి లేని రోజుల్లో పాల గిన్నెకు చేసిన పనే.

బెల్లాన్ని వంటింటి డిజిటల్ త్రాసు మీద మూడు రోజులకోసారి తూచేదాన్ని. సంక్రాంతికి 610 గ్రాములు, ఫిబ్రవరి మొదట్లో 840. చివరి రోజుల్లో కడుపు రెండు పక్కలకూ ఉబ్బి, పైనుంచి చూస్తే బేరిపండు ఆకారంలో ఉండేది. చెయ్యి ఆనిస్తే లోపల కదలిక తెలిసేది. ఎత్తుకోవడం మానేశాం. డాక్టరుగారు ఫోన్‌లో ఇంకో మంచి మాట చెప్పారు. ఆడదానికి మొదటి ఈత ఆరేడు నెలల లోపే అయిపోవాలట. ఆ వయసు దాటితే పొత్తికడుపు కింద రెండు ఎముకల మధ్య కీలు బిగుసుకుపోతుంది, పిల్ల బయటికి రాదు, ఆపరేషన్ చేయకపోతే తల్లి దక్కదు. బెల్లానికి అప్పటికి ఐదు నెలలు. మా తప్పు జరిగిన వయసు దాన్ని కాపాడింది.

ఫిబ్రవరి 12 తెల్లవారుజామున వీక్ వీక్ అనే సన్నని గొంతులు వినిపించి లేచాను. మూడు పిల్లలు. ఒళ్ళంతా వెంట్రుకలు, కళ్ళు తెరుచుకుని, పళ్ళతో సహా పుట్టాయి. మామూలు ఎలుక పిల్లలు ఎర్రగా, కళ్ళు తెరవకుండా రెండు వారాలు పడి ఉంటాయి. ఇవి రెండు నెలలకు పైగా తల్లి కడుపులోనే అన్నీ పూర్తిచేసుకుని వస్తాయి. ఒకటి ఇంకా తడిగా ఉంది. బెల్లం దాన్ని నాకుతూ మాయ తినేస్తోంది. సాయంత్రానికి ఆ తడిపిల్లే కొత్తిమీర కాడ దగ్గర నిలబడి కొరికి చూసింది. తూచితే 88, 93, 79 గ్రాములు. మా వాడు ఆ రోజు బడికి పోనని ఏడ్చాడు, పంపలేదు.

సంతోషంలో నేను చూడని సంగతి ఒకటుంది. బొరుగు అదే బోనులో ఉంది.

కనుమ నాడే అది పోతని తెలిసింది. విడదీయాలని డాక్టరుగారు చెప్పారు. ఈనాక తీస్తాంలే, ఎట్లాగూ కడుపుతో ఉంది కదా అనుకున్నాను. గినీ పిగ్ ఈనిన కొద్ది గంటల్లోనే మళ్ళీ ఎదకు వస్తుందని నాకు తెలియదు. నేను లేచేసరికే జరగాల్సింది జరిగిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం బొరుగును వేరే బోనులోకి మార్చాను గానీ అప్పటికే ఆలస్యం. ఒక కడుపు దిగీ దిగకముందే ఇంకో కడుపు, పైగా మూడు పిల్లలకు పాలు. లెక్క వేస్తే రెండో ఈత ఏప్రిల్ నడిమికి వస్తుంది. అనంతపురంలో ఏప్రిల్ అంటే ఎట్లా ఉంటుందో మనకు వేరే చెప్పాలా?

వీటి పుట్టిల్లు దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలు. చల్లని చోటు. ఒంటికి చెమట పట్టదు. 30 డిగ్రీలు దాటితే ఆయాసపడతాయి, ఇంకా పెరిగితే వడదెబ్బ కొట్టి గంటల్లో పోతాయి. మార్చి వచ్చేసరికే మా అద్దె ఇంట్లో మధ్యాహ్నం 34 చూపించేది. కడప బండ ఒకటి తెచ్చి తడిపి బోనులో వేశాను. సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి పాత చీర గుడ్డ చుట్టి పెట్టాను. పిల్లలు ఆ సీసాకు వీపు ఆనించి వరుసగా పడుకునేవి. కానీ కరెంటు పోతే ఫ్రిజ్ లేదు, ఫ్యాన్ లేదు.

"ఊరికి తీసుకురా" అన్నాడు నాయన. కూడేరు వైపు మా ఊళ్ళో ఆయనది ఇప్పటికీ మట్టిమిద్దె. మూరెడు మందం గోడలు, పైన చవుడు. కడుపు ముదరకముందే, మార్చి రెండో వారంలో, తెల్లవారి ఐదింటికి ఆటో మాట్లాడుకుని బెల్లాన్ని, ఆడపిల్లను బుట్టలో పెట్టుకుని పోయాం. మూడు వారాలు నిండగానే మగపిల్లలు రెండింటినీ తండ్రి దగ్గరికి మార్చేశాను. నాలుగో వారానికే ఆడపిల్లకు కడుపు నిలవగలదు, తోబుట్టువులైనా సరే. అక్కడ మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు.

మిద్దెలో బయటికంటే ఎనిమిది డిగ్రీల తేడా ఉండేది. కిటికీకి తడిపిన గోనెపట్ట కడితే ఇంకో రెండు తగ్గేది. నాయన దానికి గంటకోసారి చెంబుతో నీళ్ళు చల్లేవాడు. బెల్లానికి ఏం పెట్టాలో నేను కాగితం మీద రాసిస్తే, గోడకు అంటించుకుని, చదవడం రాకపోయినా పక్కింటి పిల్లోడితో రోజూ ఒకసారి చదివించుకునేవాడు.

ఉగాది రోజు పొద్దున ఫోన్ వచ్చింది. "పాపా, రాత్రి నుంచి కొత్తిమీర ముట్టలేదు."

నాకు కాళ్ళలో బలం పోయింది. ఈనడానికి ముందు రెండు వారాల్లో తిండి మానేస్తే ఒంట్లో కొవ్వు కరిగి రక్తం విషమైపోతుందని చదివి ఉన్నాను. కడుపు నిండా పిల్లలు, వేడి, అలసట, అన్నీ దానికి దారులే. డాక్టరుగారికి పండగ రోజే ఫోన్ చేశాను. వెంటనే చేత్తో తినిపించమన్నారు. పెల్లెట్లు నానబెట్టి మెత్తగా చేసి, కాస్త గ్లూకోజ్, విటమిన్ సి కలిపి, సిరంజితో రెండు గంటలకోసారి, రాత్రి కూడా. ఇది కడుపు ఖాళీగా ఉంచుకోగలిగే జంతువు కాదు, సగం రోజు తినకపోతే పేగుల కదలికే ఆగిపోతుందన్నారు. పదకొండింటి బస్సుకు ఊరికి పోయాను. ఉగాది పచ్చడి తిన్నానో లేదో గుర్తులేదు. నేను పట్టుకుంటే నాయన సిరంజి నొక్కేవాడు. ఒక్కో చుక్క మింగిందాకా ఆగి ఇంకో చుక్క. రెండో రోజు రాత్రి రెండు గంటలప్పుడు, లాంతరు వెలుతురులో, అది సిరంజిని తోసేసి, కింద పడి ఉన్న గరిక పోచ కొసను నోట్లో పెట్టుకుంది. పోచ మెల్లగా లోపలికి జరిగింది. నాయన నా వైపు చూసి ఏమీ అనకుండా లేచి పోయి పడుకున్నాడు.

ఏప్రిల్ 17, శ్రీరామనవమి. ఊళ్ళో పానకాలు పంచుతున్న వేళకు ఈనడం మొదలైంది. ముడుచుకుని కూర్చుని, తల కాళ్ళ మధ్యకు వంచి, పిల్లను పళ్ళతో అందుకుని లాగింది. మొదటిది బాగుంది. రెండోది పొర చింపేలోపే ఊపిరాడక పోయింది, దాన్ని మేం కాపాడలేకపోయాం. మూడు, నాలుగు బతికాయి. చివరిది నా బొటనవేలంత కనిపించింది. తూచితే 58 గ్రాములు.

గినీ పిగ్‌కు రెండే చన్నులు. "మేకకు మల్లే" అన్నాడు నాయన, మొదటిసారి దాన్ని మెచ్చుకున్నట్టు. రెండు బలమైనవి ఉంటే చిన్నదానికి చన్ను దొరకదు. మేక మూడు పిల్లలు పెడితే ఆయన ఏం చేసేవాడో ఇక్కడా అదే చేశాడు. పూటపూటకూ పెద్దవాటిని రెండింటినీ గంపలో పక్కన మూసి, చిన్నదాన్ని ఒక్కదాన్నే తల్లి కింద వదిలేవాడు. పావుగంట తాగాక మళ్ళీ అన్నిటినీ కలిపేవాడు. నేను తెచ్చిన త్రాసు అక్కడే వదిలేసి వచ్చాను. రోజూ సాయంత్రం ఫోన్ చేసి అంకె చెప్పేవాడు. 58. 57. 57. 60. ఆ 60 విన్న రోజు నేను పది బ్లౌజులు కుట్టాను. మూడు వారాలకు 138కి వచ్చింది.

మందుల విషయం ఒకటి మరిచిపోకుండా రాయాలి. మేలో బొరుగుకు జలుబు చేసి ముక్కు కారింది. మా వాడికి ఇచ్చిన అమాక్సిసిలిన్ సిరప్ ఇంట్లో ఉంది. రెండు చుక్కలు వేద్దామని సిరంజిలోకి తీసుకుని కూడా, ఎందుకైనా మంచిదని డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన గొంతు పెంచడం అదొక్కసారే విన్నాను. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే వీటి పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం చేసేవి పెరిగిపోతాయట. జలుబుతో కాదు, ఆ మందుతోనే పోతాయి. ఇంట్లో మనుషుల మందు, కుక్కల మందు ఏదీ డాక్టరును అడగకుండా వేయొద్దు.

మొత్తం బతికిన పిల్లలు ఆరు. పెద్దవి రెండూ కలిపి ఎనిమిది. అమ్ముదామని మా ఆయన అన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఎవరి చేతికి పోతాయో తెలియకుండా అమ్మలేను. తెలిసినవాళ్ళకు, రెండేసి కలిపే, రెండూ ఆడవో రెండూ మగవో ఇస్తానన్నాను. ఒంటరిగా ఉంటే అవి దిగులుతో చిక్కిపోతాయి. మొదటి ఈత మగపిల్లలు రెండింటినీ ఒక తెలిసిన ఇంటికి ఇచ్చాను. తిండి కాగితం రాసిచ్చాను, పది రోజుల గడ్డి కట్టించి పంపాను. వాళ్ళు మేడ మీద రేకుల గదిలో పెట్టారు. మే నెలలో. ఒకటి మధ్యాహ్నానికే పోయింది. ఇంకోదాన్ని సాయంత్రం తెచ్చి ఇచ్చేసి, "ఇంత సున్నితమని చెప్పలేదే" అన్నారు. కాగితంలో మొదటి వాక్యమే ఎండ గురించి. మా వాడు ఆ పిల్లను పాత రుమాలులో చుట్టి వేపచెట్టు కింద పూడ్చాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వాడి కోపం నా మీదే, ఎందుకిచ్చావని. సరైన కోపమే.

ఆ తర్వాత ఒక్కటి కూడా బయటికి ఇవ్వలేదు, ఇంకో ఈతకు అవకాశమూ ఇవ్వలేదు. ఇప్పుడు మగవి ఒకవైపు, ఆడవి ఒకవైపు, మధ్యలో రెండు పొరల మెష్. తిరిగొచ్చిన పిల్ల తండ్రి బొరుగుతో కొట్లాడితే, ఆ పిల్లను రెండో ఈత తమ్ముడితో కలిపి వేరే పెట్టాను. బొరుగు మెష్ పక్కన, బెల్లం అవతల పక్కన. రాత్రి పూట ముక్కులు ఆనించుకుని కూర్చుంటాయి. ఎవరైనా పిల్లలు కావాలని, పెంచి అమ్ముకుంటామని వస్తే నేను అడిగేది ఒక్కటే, ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి మీ ఇంట్లో ఎన్ని డిగ్రీలు ఉంటుందని. చాలామంది ఆ మాటతోనే వెళ్ళిపోతారు.

ఆ 58 గ్రాముల పిల్ల, దాని అక్క మట్టిమిద్దెలోనే ఉండిపోయాయి. తీసుకురావడానికి వర్షాకాలంలో పోయాను గానీ, నాయన బుట్ట ఇవ్వలేదు. "ఎందుకులే మళ్ళీ అంత దూరం" అన్నాడు. చిన్నదానికి గింజ అని పేరు పెట్టుకున్నాడు. పొద్దున ఆయన చెప్పుల చప్పుడు వినగానే వీక్ వీక్ అని మొదలుపెడతాయట. ఇంకా సాయంత్రం ఫోన్ చేస్తాడు, వారానికోసారి.

"పాపా, గింజ 812. రాసుకో."

రాసుకుంటాను.